పప్పు ఇట్టే ఉడికే నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎందుకెక్కువ?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మా ఇంటి బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి. కందిపప్పు ఇట్టే ఉడుకుతుంది, సబ్బు నురగ బాగా వస్తుంది. పొలం దగ్గరి బోరువి ఉప్పు నీళ్ళు. పప్పు ఎంత ఉడికించినా పలుకు పోదు, బిందెకు తెల్ల పొర కడుతుంది. అందుకే తాగడానికీ వంటకీ ఎప్పుడూ ఇంటి బోరే వాడాం. ఏడేళ్ళ మా బాబుకి కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద గోధుమ రంగు గీతలు కనిపించేసరికి భయమేసి రెండు బోర్ల నీళ్ళూ పరీక్ష చేయించాను. ఇంటి బోరు (పీహెచ్ తప్ప అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో): కాల్షియం 12, ఫ్లోరైడ్ 4.2, క్షారత 480, పీహెచ్ 8.2. పొలం బోరు: కాల్షియం 140, ఫ్లోరైడ్ 1.1. మంచి నీళ్ళలో ఎక్కువ, ఉప్పు నీళ్ళలో తక్కువ ఎలా ఉంటుంది? సీసాలు తారుమారయ్యాయా? ఇంటర్ చదివే మా అమ్మాయి ‘అది కామన్ అయాన్ ఎఫెక్ట్ అమ్మా’ అంటుంది గానీ నాకు అర్థమయ్యేలా చెప్పలేకపోయింది. సున్నం వేస్తే ఫ్లోరైడ్ దిగిపోతుందని పక్కింటివాళ్ళు, మరిగిస్తే పోతుందని ఫోన్లో వచ్చిన వీడియో, రెండు నీళ్ళూ కలిపి తాగమని మా ఆయన. మిషన్ భగీరథ పథకం నల్లా వస్తుంది కానీ మందు వాసన. ఆ నీళ్ళలో పప్పు కూడా అంత మెత్తగా రాదు. మా మామయ్యగారైతే ఆ నీళ్ళు ముట్టనంటారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఇంటి బోరు నీళ్ళు తాగడం, వాటితో వండడం ఈ పూట నుంచే ఆపేయండి. స్నానానికి, బట్టలకి, గిన్నెలకి నిశ్చింతగా వాడుకోండి. ఫ్లోరైడ్ చర్మంలోంచి లోపలికి పోదు. మిగతాదంతా నిదానంగా చదువుకోవచ్చు.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటుంది. మీ ఇంటి బోరులో 4.2 ఉంది. అంటే ఆ ఆఖరి హద్దుకి కూడా దాదాపు మూడింతలు.

సీసాలు తారుమారు కాలేదు. నీళ్ళ పరీక్షల ల్యాబులో పాతికేళ్ళు పనిచేసినవాణ్ణి. ఇలాంటి కాగితాల జతలు ఎన్నో చూశాను. కాల్షియం పన్నెండు, క్షారత 480 అని చూడగానే ఫ్లోరైడ్ గడిలోకి చూడకుండానే గుండె జారేది. మీరు ఆ నీళ్ళకి చెప్పిన రెండు మంచి గుణాలు, పప్పు ఉడకడమూ నురగ రావడమూ, ఫ్లోరైడ్ ఎందుకు అంతుందో చెప్పే సాక్ష్యాలే. ఎలాగో చూడండి.

కందిపప్పు గింజను కణాల మధ్య పెక్టిన్ అనే జిగురు పట్టి ఉంచుతుంది. నీళ్ళలో కాల్షియం ఉంటే అది ఆ జిగురుని పట్టుకుని ఇంకా బిగిస్తుంది, అందుకే పలుకు పోదు. సబ్బుతో కలిస్తే కరగని తెట్టు కడుతుంది, అందుకే నురగ రాదు. మీ ఇంటి బోరులో కాల్షియం దాదాపు లేదు. పైగా వంటసోడాలో ఉండే బైకార్బొనేటే ఆ నీళ్ళలో దండిగా ఉంది, కాగితం మీద ‘క్షారత’ అని రాసింది దాన్నే. అంటే మీరు ఇన్నేళ్ళూ సహజంగా సోడా కలిసిన నీళ్ళలో పప్పు ఉడికిస్తున్నారు. ఉడక్క ఏం చేస్తుంది!

ఇప్పుడు ఫ్లోరైడ్ సంగతి. మీ ప్రాంతపు నేల కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతిలో అక్కడక్కడా ఫ్లోరైట్ అనే ఖనిజం ఉంటుంది, అంటే కాల్షియం ఫ్లోరైడ్. అపటైట్, నల్ల అభ్రకం లాంటి వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు వాటిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. ఎంత కరుగుతుందన్నది ఆ ఖనిజం ఒక్కదాని చేతిలో లేదు. ఆ నీళ్ళలో అప్పటికే ఏమేం కరిగి ఉన్నాయన్నది కూడా తేల్చాలి. మీ ప్రశ్నకి జవాబంతా ఇక్కడే ఉంది.

ఫ్లోరైట్ కరిగితే ఒక కాల్షియం అయాన్, రెండు ఫ్లోరైడ్ అయాన్లు నీళ్ళలోకి వస్తాయి. అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న కణం. అవి మళ్ళీ కలుసుకుంటే తిరిగి రాయి అవుతుంది. పోయేవి, తిరిగొచ్చేవి సమానమైన చోట కరగడం ఆగుతుంది. నీళ్ళలో ముందే వేరేచోటి నుంచి వచ్చిన కాల్షియం నిండుగా ఉందనుకోండి, ఫ్లోరైడ్ కాస్త బయటికి రాగానే పట్టుకోవడానికి జత సిద్ధంగా ఉంటుంది. ఇక ఎక్కువ కరగదు. కాల్షియం లేకపోతే ఫ్లోరైడ్‌కి అడ్డు లేదు. నీళ్ళ కావడి మోయడం చూసే ఉంటారు. ఒక కొస దిగితే రెండోది లేస్తుంది. పొలం బోరులో కాల్షియం కొస లేచి ఉంది, ఫ్లోరైడ్ దిగి ఉంది. ఇంటి బోరులో అది తిరగబడింది. ఫ్లోరైట్ నుంచి వచ్చేదానికీ, నీళ్ళలో ముందే కరిగి ఉన్నదానికీ ఉమ్మడిగా ఉన్న అయాన్ కాల్షియం, కామన్ అయాన్ అంటే అదే. మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం, శభాష్ అనండి.

ఈ ఒక్క పేరా ఆ అమ్మాయి కోసం. పాపా, ఫ్లోరైట్ ద్రావణీయతా లబ్ధం, అంటే కరగడం ఆగే హద్దు దగ్గర కాల్షియంని ఫ్లోరైడ్ వర్గంతో గుణిస్తే వచ్చే అంకె, 25 డిగ్రీల దగ్గర సుమారు 3.45 × 10⁻¹¹ అని తీసుకో. ఇంటి బోరులో కాల్షియం 12 మిల్లీగ్రాములంటే లీటరుకు 3.0 × 10⁻⁴ మోల్స్. ఫ్లోరైడ్ 4.2 అంటే 2.2 × 10⁻⁴. ఫ్లోరైడ్‌ని వర్గం చేసి కాల్షియంతో గుణిస్తే సుమారు 1.5 × 10⁻¹¹ వస్తుంది. ఇప్పుడు పొలం బోరు చూడు. కాల్షియం 3.5 × 10⁻³, ఫ్లోరైడ్ 5.8 × 10⁻⁵, లబ్ధం సుమారు 1.2 × 10⁻¹¹. ఒకటి తియ్య నీళ్ళు, ఒకటి ఉప్పు నీళ్ళు, కాల్షియంలో పన్నెండింతల తేడా. అయినా లబ్ధాలు చూడు, పక్కపక్కనే ఉన్నాయి. ఫ్లోరైడ్‌ది వర్గం కాబట్టి అక్కడి నాలుగింతల తేడా ఇక్కడి పన్నెండింతల తేడాకి సరితూగింది. రెండూ 3.45 కంటే తక్కువే కాబట్టి రెండు నీళ్ళూ ఇంకా కాస్త ఫ్లోరైట్‌ని కరిగించుకోగలవు. ఆ లెక్క కూడా నువ్వే చెయ్యి: కాల్షియం ఇంతే ఉంటుందనుకుంటే మీ ఇంటి బోరు ఫ్లోరైడ్ 6.4 దాకా పోగలదు, పొలం బోరు 1.9 దగ్గరే ఆగాలి. ఏ ఉప్పూ లేని నీళ్ళలో అయితే 7.8 దాకా కరుగుతుంది. ద్రావణీయతా లబ్ధం అనే ఈ ఆలోచనని నెర్న్‌స్ట్ 1889లో లెక్కగా పెట్టాడు. మీ ఊరి బోర్లు దానికి ఇంత చక్కటి ఉదాహరణ ఇస్తాయని నేను కూడా అనుకోలేదు.

సరే, ఇంటి బోరులో కాల్షియం ఎక్కడికి పోయింది? బావి తవ్వేటప్పుడు మట్టిలో తెల్ల సున్నపు గడ్డలు తగలడం చూసే ఉంటారు. అక్కడికి పోయింది. వాన నీళ్ళు నేలలోకి ఇంకుతూ మట్టిలోని బొగ్గుపులుసు వాయువుని పట్టుకుని రాతిని తింటాయి. సోడియం, కాల్షియం, బైకార్బొనేట్ అన్నీ వాటిలో చేరతాయి. బైకార్బొనేట్ పెరిగి, పీహెచ్ ఎనిమిది దాటేసరికి కార్బొనేట్ తయారై కాల్షియంని పట్టుకుని సున్నపురాయిగా దించేస్తుంది. కొంత కాల్షియంని బంకమట్టి తన దగ్గర అట్టిపెట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. కాల్షియం అలా తగ్గిన కొద్దీ ఫ్లోరైట్‌కి కళ్ళెం వదులవుతుంది. ఈ మలుపు నాకెప్పుడూ ఆశ్చర్యమే. కార్బొనేట్‌కీ ఫ్లోరైట్‌కీ ఒక్క అయాన్ కూడా ఉమ్మడి లేదు. అయినా జతగాణ్ణి ఎత్తుకుపోయి దాన్ని కరిగేలా చేస్తుంది. కాల్షియం ఉంటే ఫ్లోరైట్ తక్కువ కరుగుతుంది, ఆ కాల్షియంని లాక్కునేది ఉంటే ఎక్కువ కరుగుతుంది. కరిగి ఉన్న అయాన్లు రెండు వైపులా పని చేస్తాయి.

మన తెలుగు నేల మీద ఇది కొత్త బాధ కాదు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల్ని చూసి, కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని రాశారు. మన దేశంలో ఈ జబ్బుని గుర్తించిన తొలి నివేదికల్లో అదొకటి. 1970ల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మీ జిల్లా పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి రాశారు. ఆ పిల్లల్లో ఎందరి ఇళ్ళలోనో ‘మా నీళ్ళు ఎంత తియ్యనివో’ అనే అనుకుని ఉంటారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు మీకు వచ్చిన సలహాలు ఒక్కొక్కటీ చూద్దాం.

మరిగించడం. క్రిములు చావడానికి మంచిదే, ఫ్లోరైడ్‌కి మాత్రం పూర్తిగా తప్పు. ఫ్లోరైడ్ ఆవిరై పోదు, నీళ్ళు పోతాయి. రెండు లీటర్లు మరిగి లీటరున్నర అయితే మీ 4.2 కాస్తా 5.6 అవుతుంది. ఆ వీడియో ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఈ మాట కూడా పంపండి.

సున్నం. ఈ సలహాలో సగం బుద్ధి ఉంది. కాల్షియం వేస్తే ఫ్లోరైడ్ దిగాలి కదా అనుకున్నారు, ఉమ్మడి అయాన్ గురించి చదవకుండానే దాని దాకా వచ్చారు. కానీ మీ నీళ్ళలో అది నడవదు. సున్నం పడగానే బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారి ఆ కాల్షియంని తనే పట్టేసుకుంటుంది. నీళ్ళు పాలలా విరిగి తెల్లటి మడ్డి అడుక్కి దిగుతుంది. చూసినవాళ్ళు ‘అదిగో ఫ్లోరైడ్’ అంటారు. ఆ తెలుపు సున్నపురాయి పొడి. ఫ్లోరైడ్ చాలా వరకు పైన తేటలోనే ఉండిపోతుంది. పైగా నీళ్ళు ఘాటెక్కి తాగడానికి పనికిరావు.

బైకార్బొనేట్ అడ్డు లేదనుకున్నా ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్‌ని 1.5కి దించాలంటే లెక్క ప్రకారం లీటరుకు దాదాపు 220 మిల్లీగ్రాముల కాల్షియం కరిగి ఉండాలి. తాగే నీళ్ళలో కాల్షియం 75 ఉంటే మంచిది, మహా అయితే 200 అంటుంది ప్రమాణం. ఆ 220 కూడా కాగితం మీది లెక్కే. ఫ్యాక్టరీల వ్యర్థపు నీళ్ళలో లీటరుకు వందల మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే సున్నంతో పదికో ఇరవైకో దించుతారు. అక్కడి నుంచి కిందికి సున్నంతో దిగడం మహా కష్టం. మీ బోరు నీళ్ళు ఆ అంకె కంటే కిందే మొదలవుతున్నాయి, అయినా విషం విషమే. సున్నానికి బదులు జిప్సం వేయమని ఎవరైనా అంటారేమో, అదీ వద్దు. సరిపడా కాల్షియం రావాలంటే సల్ఫేట్ హద్దులు దాటిపోయి ఇంటిల్లిపాదికీ విరేచనాలు పట్టుకోవచ్చు.

రెండు నీళ్ళూ కలపడం. మీ ఆయన ఆలోచన నాకు నచ్చింది, ఎందుకంటే దీని వెనక ఉన్న సంగతి చాలా బాగుంటుంది. సగం సగం కలిపితే కాల్షియం 76, ఫ్లోరైడ్ 2.65 అవుతాయి. ఇప్పుడు లబ్ధం చూస్తే 3.7 × 10⁻¹¹. ఒక్కొక్కటిగా హద్దులోపే ఉన్న రెండు నీళ్ళు, కలిశాక ఆ 3.45 హద్దు దాటాయి! మరైతే ఎక్కువైన ఫ్లోరైట్ అడుక్కి దిగాలి కదా? దిగదు. రెండు కారణాలు. హద్దు ఇంత స్వల్పంగా దాటినప్పుడు ఫ్లోరైట్ రవ్వలు కట్టడానికి చాలా కాలం పడుతుంది, బిందెలో ఒక రాత్రి నిలవ ఉంచితే ఏమీ జరగదు. రెండో కారణం కాస్త లోతుగా చెప్పుకోవాలి.

ఉప్పు నీళ్ళలో కాల్షియం, ఫ్లోరైడే కాదు, సోడియం, క్లోరైడ్, సల్ఫేట్, మెగ్నీషియం, ఇలా వీటితో చుట్టరికం లేని అయాన్లు ఎన్నో తిరుగుతుంటాయి. కాల్షియం చుట్టూ ఎదురు విద్యుదావేశం ఉన్న అయాన్లు మూగుతాయి, ఫ్లోరైడ్ చుట్టూ కూడా అంతే. జాతరలో విడిపోయిన ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు వెతుక్కోవడం ఎంత కష్టమో, ఆ రెండూ ఒకదాన్నొకటి చేరుకోవడం అంత కష్టం. ఖాళీ వీధిలో అయితే ఇట్టే కలుసుకునేవి. అంటే సంబంధం లేని ఉప్పులు కరిగి ఉంటే ఘనపదార్థం కాస్త ఎక్కువగా కరుగుతుంది. దీనికి డెబై, హ్యూకెల్ 1923లో లెక్క కట్టారు. పొలం బోరు లాంటి నీళ్ళలో, లీటరుకు ఒక గ్రాము పైన ఉప్పులు ఉన్నాయనుకుంటే, ఫ్లోరైట్ హద్దు రెండింతలకు పైగా పెరుగుతుంది. అమ్మాయికి నేనిచ్చిన అంకెలన్నీ ఖాళీ వీధి లెక్కలు. అసలు నీళ్ళలో హద్దు ఇంకా పైనే ఉంటుంది. కాబట్టి మీ కలగలుపు నీళ్ళలో దిగాల్సింది ఏమీ మిగలదు.

చివరికి కలపడం వల్ల జరిగేది పలచబడటమే. 4.2 కాస్తా 2.65 అవుతుంది, అది కూడా తాగే నీళ్ళ హద్దు 1.5 పైనే. 1.5కి రావాలంటే ఒక పాలు ఇంటి నీళ్ళకి ఏడు పాళ్ళ పొలం నీళ్ళు కలపాలి. అంతకంటే పొలం నీళ్ళే తాగడం నయం.

పొలం బోరు మాట వచ్చింది కాబట్టి: ఫ్లోరైడ్ 1.1 అంటే కోరుకున్న హద్దు కంటే కాస్త ఎక్కువ, ఒప్పుకునే హద్దుకి లోపు. కాల్షియం 140 వల్ల పప్పుకి చేటే గానీ ఎముకలకి చేటు లేదు. కానీ ఎరువులు వేసే పొలం పక్క బోరు కాబట్టి నైట్రేట్ చూడకుండా తాగొద్దు. అది 45 దాటకూడదు, పసిపిల్లలున్న ఇంట్లో అది మరీ ముఖ్యం. మీరు పంపిన కాగితంలో ఆ గడి లేదు. మొత్తం కరిగిన లవణాలు, నైట్రేట్, క్రిముల పరీక్ష, ఈ మూడూ చేయించండి.

మళ్ళీ పరీక్షకి ఇచ్చేటప్పుడు నీళ్ళు ప్లాస్టిక్ సీసాలో పట్టండి, గాజు సీసా వద్దు. ఫ్లోరైడ్‌ని ఎలక్ట్రోడ్‌తో కొలుస్తారా అని అడగండి. క్షారత ఎక్కువున్న నీళ్ళలో రంగు చూసి కొలిచే పద్ధతులు అప్పుడప్పుడు పక్కదారి పడతాయి. ఎలక్ట్రోడ్‌తో కొలిచేవాళ్ళు ముందుగా ప్రతి నమూనాలోనూ టిసాబ్ అనే ద్రావణం సమానంగా కలుపుతారు. దాని పని ఏమిటో తెలుసా? అన్ని నమూనాల్లోనూ జాతర ఒకే తీరున ఉండేలా చూడడం, ఎక్కడైనా ఫ్లోరైడ్‌ని పట్టుకు కూర్చున్న అల్యూమినియం ఉంటే విడిపించడం. నేను రోజూ చేసిన పనే గానీ, ఆ చెంచాడు ద్రావణం వెనక ఇంత సంగతి ఉందని కొత్తలో నాకూ తెలియదు.

పటిక పద్ధతి గురించి మీరు అడగలేదు, కానీ మీ జిల్లా పేరుతోనే ఉంది కాబట్టి చెప్పాలి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో నల్లగొండ పద్ధతి అని ఒకటి రూపొందించింది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి, కలిపి, తేరనిచ్చి, వడకట్టడం. ఇక్కడ ఫ్లోరైడ్‌ని పట్టేది సున్నం కాదు. పటికలోని అల్యూమినియం దూదిపింజల్లా విచ్చుకుంటే, ఫ్లోరైడ్ వాటికి అంటుకుని వాటితో పాటే అడుక్కి దిగుతుంది. సున్నం అవసరం పీహెచ్ పడిపోకుండా కాయడానికే. పద్ధతి మంచిదే. కానీ మీ నీళ్ళకి లీటరుకి వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది. ఎంతన్నది ఫ్లోరైడ్‌నీ క్షారతనీ చూసి తేల్చాలి, కంటి అంచనాతో వేసేది కాదు. పీహెచ్ తప్పితే అల్యూమినియం, ఫ్లోరైడ్ జతకట్టి నీళ్ళలోనే కరిగి ఉండిపోతాయి, ఎంత వడకట్టినా గ్లాసులోకి వచ్చేస్తాయి. పక్కన తెలిసినవాళ్ళు లేకుండా ఇంట్లో చేయొద్దని నా గట్టి మాట.

మరి దారి? మీ ఇంటి ముందే ఉంది. భగీరథ నల్లా. దూరం నుంచి తెచ్చిన ఆ నీళ్ళు మీ గ్రానైట్ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచినవి కావు. అయినా నా మాట మీద నమ్మొద్దు, ఒక సీసా పట్టి ఫ్లోరైడ్ చూపించండి. మీ ఇంటికి వచ్చే కొస దగ్గర పట్టండి, ట్యాంకు దగ్గర కాదు. కొన్నిచోట్ల నీళ్ళు చాలనప్పుడు బోరు నీళ్ళు అదే గొట్టంలో కలుపుతారు. అంకె 1 లోపు ఉంటే ఇంక ఆలోచించకండి, తాగడానికీ వంటకీ అవే వాడండి.

వంటకీ అని ఒత్తి చెబుతున్నాను. చాలామంది తాగే నీళ్ళు మార్చి అన్నం, పప్పు, చారు మాత్రం పాత బోరు నీళ్ళతోనే చేస్తారు. అన్నం పీల్చుకునే నీళ్ళు, చారులో మరిగే నీళ్ళు కూడా కడుపులోకే పోతాయి. నల్లా రాని రోజులకి ఫ్లోరైడ్ తగ్గించే ఆర్వో ప్లాంటు క్యాన్ తెచ్చుకోవచ్చు, దాని నీళ్ళు కూడా ఒకసారి పరీక్షకి ఇచ్చాకే.

మామయ్యగారి సంగతి. ఆయనకి అడ్డు ఆ మందు వాసన. అది క్లోరిన్. రాత్రి వెడల్పాటి గిన్నెలో పట్టి పల్చటి గుడ్డ కప్పి ఉంచండి, పొద్దుటికి చాలా వరకు పోతుంది. తర్వాత కుండలో పోసి ఇవ్వండి. ‘ఇవి తాగండి’ అనకండి, కుండ నీళ్ళని ఇవ్వండి చాలు. ఆయన నడుము, మెడ, మోకాళ్ళు బిగుసుకున్నట్టు ఉంటే వయసుదేలే అని వదిలేయకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్ళకీ ఎముకలకీ వచ్చే జబ్బు) నివారణకి 2008–09 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. ఆ మాట చెప్పి అడగండి. టీ ఎక్కువ తాగే అలవాటుంటే తగ్గించాలి, తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

బాబు పళ్ళ మీద వచ్చిన గీతలు నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు. పంటి పైపొర చిగురు లోపల ఉన్నప్పుడే తయారవుతుంది, ఆ మచ్చ అప్పుడే పడింది. పెద్దయ్యాక దంతవైద్యులు వాటిని కనబడకుండా చేయగలరు. కానీ ఏడేళ్ళ వాడికి ఇంకా బయటికి రాని పళ్ళున్నాయి, పెరిగే ఎముకలున్నాయి. ఇప్పుడు మారిస్తే వాటికి మేలు. వాడికి పాలు, పెరుగు, రాగి జావ, ఆకుకూరలు బాగా పెట్టండి. ఇక్కడ కూడా రాతి కింద జరిగిన కథే నడుస్తుంది. పేగులో కాల్షియం ఎదురైతే కొంత ఫ్లోరైడ్ దానితో కలిసి కరగనిదై బయటికి పోతుంది, రక్తంలోకి వెళ్ళేది తగ్గుతుంది. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయినట్టు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూశారు. మీ ఇంటి చారు మానక్కర్లేదు. అయితే ఇవేవీ చెడ్డ నీళ్ళకి విరుగుడు కావు, మంచి నీళ్ళకి తోడు మాత్రమే.

ఇక పప్పు. మీకిది చిన్న విషయం కాదని ఉత్తరం చదివితేనే తెలిసింది. ఇంట్లో నీళ్ళు మారకపోవడానికి ఎన్నో చోట్ల ఇదే అసలు కారణం. నల్లా నీళ్ళలో కందిపప్పుని గంట నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి కుక్కర్లో పెట్టండి. చింతపండు గానీ టమాటా గానీ పప్పు మెత్తబడే దాకా వేయొద్దు, పులుపు తగిలితే ఆ జిగురు కరగదు. అప్పటికీ పలుకు ఉంటే ఇంకో రెండు విజిళ్ళు రానివ్వండి. వంటసోడా వేయాలనిపిస్తుంది, వేయకండి. పప్పులోని బి విటమిన్ పోతుంది. నైట్రేట్ అంకె, నల్లా నీళ్ళ ఫ్లోరైడ్ అంకె చేతికి రాగానే నాకు రాయండి. పొలం బోరు సంగతి అప్పుడు తేలుద్దాం.